గుట్టమీది ఉరుసు, గుడిముందరి పందిరి

హైదరాబాదు నగరమునకు తూర్పుదిక్కున, మలకుపేట దాటి దిల్‌సుఖ్‌నగరము చేరకమునుపే, ఆస్మాన్‌గఢ్ అను గుట్ట యొకటి కలదు. దానిమీద సుమారు 23 అడుగుల యెత్తున నల్లరాతి స్తంభ మొకటి నిలిచియున్నది. దానిక్రింద నిద్రించువాడు ఈ దేశమువాడు కాడు. గాస్కనీ సీమయందు 1755లో పుట్టి, ఇరువదేండ్ల ప్రాయమున పుదుచ్చేరి రేవున దిగి, వర్తకము పొసగక కత్తిపట్టి, తుదకు రెండవ నిజామైన నిజామలీఖానుని కొలువున సేనాధిపతియైన మొస్యూ రేమాండను ఫ్రెంచివాడు. వేసవినాళ్ల వేడుకలను గూర్చి మాటలాడ బూని, సమాధితో మొదలిడితి నేమి యని శ్రోతలకు తోచవచ్చును. తూర్పు హైదరాబాదున జనులు కూడి జరుపుకొన్న వేసవి జాతరలలో జాడ తెలిసినవాటియందు ఇంత విచిత్రమైనది వేరొకటి నాకు కానరాకుండుటయే దానికి కారణము.

రేమాండు చేతిక్రింద పదునాలుగువేలకు పైబడిన సిపాయిలుండిరి. నేటికిని గన్‌ఫౌండ్రీ యని పిలువబడు పేటలో ఆతడు ఫిరంగులు పోయించెను. 1795లో ఖర్డా యుద్ధమున మహారాష్ట్రులచే నిజాము ఓడినను, ఆ యేటనే నిజాము కుమారుడు ఆలీజా తిరుగబడగా ఆ తిరుగుబాటు నణచి రేమాండు ప్రభువు నమ్మకమును నిలుపుకొనెను. 1798 మార్చి 25వ తేదీన, నలువదిమూడేండ్లైనను నిండకుండగనే, మరణించెను. విషప్రయోగమని కొందరనుమానించిరి. ఆ సంవత్సరము అక్టోబరులో ఆంగ్లేయులు అతని సేనను నిరాయుధము గావించి చెదరగొట్టిరి. ఫ్రెంచివారి ప్రాబల్యము హైదరాబాదునందు అంతతో ముగిసినది. చరిత్రగ్రంథములు సాధారణముగా ఇచటనే ఆగును.

జనులు మాత్రము ఆగలేదు. "మొస్యూ" అను మాట వారి నోట "మూసా" అయ్యెను. రేమాండు అను పేరు హిందువులకు రాముడుగను, ముసల్మానులకు రహీముగను వినబడెను. మూసారామని ఒకరును మూసారహీమని ఒకరును పిలుచుకొని, ఒకే గుట్ట యెక్కి ఒకే రాతికి మ్రొక్కిరి. మూసారాంబాగను పేటపేరు అట్లు వచ్చినదే. ఏటేట మార్చి 25వ తేదీన ఆ సమాధికడ ఉరుసు జరుగుచుండెను. 1940 ప్రాంతమువరకు ఈ ఆచారము నిలిచియుండెను. నిజాము సర్కారువారి తరఫున అగరువత్తులతోపాటు ఒక చుట్టల పెట్టెయు ఒక బీరుసీసాయు అచట సమర్పింపబడుచుండెడివని చెప్పుదురు. దొరగారి యభిరుచుల నెరిగి నైవేద్యము పెట్టిన ఆ యుద్యోగి యెవరో గాని రసికుడు!

ఇందు గమనింపదగిన విషయమొకటి కలదు. హిందువుల జాతర తిథినిబట్టి వచ్చును. ముసల్మానుల ఉరుసు హిజ్రీ మాసమునుబట్టి వచ్చును. ఈ మూసారాముని ఉత్సవము రెండింటిలో దేనిననుసరింపక, మరణించిన ఆంగ్లతేదీనే పట్టుకొని, ఏటేట వేసవి ముంగిట నిలిచెను. ఫాల్గుణము ముగిసి చైత్రము ప్రవేశించు దినములవి. ఎండలు ముదరలేదు, మామిడి ఇంకను పిందెగానేయున్నది. ఆ గుట్టమీదనుండి చూచినచో సరూర్‌నగరపు చెరువును తోటలును పొలములును తప్ప వేరేమియు కానరాని కాలమది.

ఆ పొలములు ఇండ్లస్థలములైన వృత్తాంతమును త్వరగా చెప్పుదును. దిల్‌సుఖ్‌రామ్ ప్రసాదను భూస్వామి తన భూమిని స్థలములుగా విభజించి అమ్మినందున దిల్‌సుఖ్‌నగరమను పేరు కలిగినదందురు. లాల్ బహదూర్ శాస్త్రిగారి పేరిట దానికవతల లాల్ బహదూర్ నగరము, అనగా నేటి ఎల్.బి.నగరము, వెలసెను. విజయవాడ బాటవెంబడి నల్లగొండ, ఖమ్మము, కృష్ణా, గుంటూరు మండలములవారు వచ్చి, దిగినచోటనే యిల్లు కట్టుకొన్నట్లు ఈ కాలనీలు పెరిగెను. ఎల్.బి.నగరము, గడ్డిఅన్నారము పురపాలకసంఘములు 2007 ఏప్రిలులో మహానగరపాలక సంస్థయందు లీనమయ్యెను. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు ఎల్.బి.నగరమువరకు వచ్చెను. కాని ఈ ప్రాంతము నిన్నమొన్న పుట్టినదని తలచువారు చైతన్యపురియందలి ఫణిగిరి కాలనీకి పోయి, మూసీ యొడ్డున కోసగుండ్ల నరసింహస్వామి ఆలయముకడనున్న బండను చూడవలెను. దానిమీద బ్రాహ్మీలిపిలో ప్రాకృతభాషాశాసన మొకటి కలదు. ఇది క్రీస్తుశకము నాలుగైదు శతాబ్దములనాటిది. గోవిందరాజ విహారమను బౌద్ధవిహారము అచట నుండినట్లు ఈ శాసనము తెలుపుచున్నది. పదునైదు వందల యేండ్లక్రిందట వర్షాకాలమునకు భిక్షువులు చేరిన తీరమునకే ఇప్పుడు కాలనీ చేరినది.

కొత్తగా వచ్చినవారు తమతో ఏమి తెచ్చుకొనిరి? నల్లగొండవారు ఒగ్గుకథను, చిందుభాగవతమును, బోనమును తెచ్చిరి. కృష్ణాతీరమువారు శ్రీరామనవమి పందిరిని, హరికథను, బుర్రకథను, పద్యనాటకమును తెచ్చిరి. వీరిరువురకు ముందే కర్మన్‌ఘాటున హనుమంతుడు వెలసియున్నాడు. కాకతీయుల కాలమున, అనగా పండ్రెండవ శతాబ్దమున, ఆ యాలయము వెలసెనని స్థలపురాణము. చైత్రపూర్ణిమనాడు అచటినుండి ఊరేగింపు బయలుదేరును. ఇట్లు ఉగాది మొదలు ఆషాఢమువరకు వేసవి యంతయు ఒకదానివెంట నొకటిగా వేడుకలు సాగును. శ్రీరామనవమికి సందుమొగమున తాటాకు పందిరి, పానకము, వడపప్పు, కల్యాణము. ఇపుడు తాటాకునకు బదులు షామియానా వచ్చినది. చల్లదనము తగ్గినదేకాని, వేయుట సులభమైనది!

ఇచట ఒక పెద్దమార్పును గుర్తింపవలెను. వారాంతమన్నది మనకు పాతది కాదు. నిజాము రాజ్యమున వారపుసెలవు శుక్రవారము. 1948 తరువాతనే ఆదివారము సెలవుదినమైనది. పూర్వము కళాకారుడు తిథికొరకు, కోతలకొరకు ఎదురుచూచెడివాడు. పంట యింటికి వచ్చి పొలమున పనిలేని వేసవియే ఊరూర ఆటలకు అదను. నగరమున కోతలు లేవు, నెలజీతములున్నవి. కావున శనివారపు సాయంకాలము, ఆదివారపు సాయంకాలము వేడుకకు ముహూర్తములైనవి. ఈ మార్పునకు చిక్కక, తన పాతరూపముననే క్రొత్తకాలమున కిమిడినది బోనాల పండుగ యొక్కటి. ఆషాఢమున ఆదివారము అమ్మవారికి బోనమెత్తుట దానికి ఆదినుండియు ఆచారము. 1813లో జంటనగరములందు మహమ్మారి చెలరేగినపుడు మ్రొక్కిన మ్రొక్కుతో ఈ యుత్సవమునకు సంబంధము చెప్పుదురు. 2014లో తెలంగాణ యేర్పడినపిమ్మట ఇది రాష్ట్రోత్సవమైనది. పోతరాజు కొరడా, ఫలహారపు బండి, డప్పు, ఒగ్గు డోలు, రంగము—ఇవన్నియు కాలనీ వీధులలోనికి ఏ సంకోచమును లేకుండ నడచివచ్చినవి.

అట్లని అన్ని కళలకును ఆ భాగ్యము కలుగలేదు. చిందు భాగవతులకు పల్లెలలో మిరాసీ హక్కు కలదు. ఫలాని ఊరు ఫలాని మేళమువారిదని, ఆ యూరివారు వారిని ఆదరింపవలెనని కట్టుబాటు. ఒగ్గుకథకుడు బీరప్పకథను, మల్లన్నకథను రాత్రులకు రాత్రులు చెప్పును. విను గొల్లకురుమలు అతని ధర్మమును తమ ధర్మముగా నెరిగినవారు. కాలనీలో మిరాసీ యెక్కడిది? చందా పుస్తకము కలదు. చందా యిచ్చువాడు గంటసేపు వినును. ఐదు రాత్రుల కథను గంటకు కుదింపుమన్నచో మిగులునది డోలుచప్పుడే. అందుచేత ఒగ్గువారిని ఊరేగింపులకు పిలుచుచున్నారు, కథకు పిలుచుట తగ్గినది. చుక్క సత్తయ్య, మిద్దె రాములు వంటి మహాకథకులు పుట్టిన నేలకు ఇది చిన్ననష్టమని నేననుకొనను.

దీనికి మారుగా వచ్చినదానిని తృణీకరించుటయు న్యాయము కాదు. 2019లో ఉప్పలు భగాయతునందు చిన్న శిల్పారామమును తెరచిరి. మాదాపురమునందలి పెద్ద శిల్పారామము ఈ తూర్పువారికి దూరము. రవీంద్రభారతి 1961 మే 11వ తేదీన, నడివేసవిలోనే, సర్వేపల్లి రాధాకృష్ణనుగారి చేతులమీదుగా ప్రారంభమైనది. అచటికి పోవుటకును, చిక్కడపల్లి త్యాగరాయ గానసభకు పోవుటకును దిల్‌సుఖ్‌నగరమువారు చాలకాలము బస్సులకై వేచినారు. ఇపుడు ఉప్పలున వారాంతమున చేనేతవారి, కొయ్యబొమ్మలవారి దుకాణములనడుమ కూచిపూడి ప్రదర్శనములు జరుగుచున్నవి. ఆడువారు చాలవరకు కాలనీ నాట్యపాఠశాలల బాలికలు, చూచువారు చాలవరకు వారి తల్లిదండ్రులు, తాతలు, అమ్మమ్మలు. ఒక తరముక్రిందట కూచిపూడియందు సత్యభామ వేషము వేయవలసినవాడు పురుషుడే. వేదాంతం సత్యనారాయణశర్మగారు స్త్రీవేషమున చూపిన లాస్యము లోకప్రసిద్ధము. వెంపటి చినసత్యముగారివంటి గురువులు ఆ విద్యను బాలికలకు ధారాళముగా నేర్పినందున, కూచిపూడి అగ్రహారపు కుటుంబముల సొత్తైన కళ నేడు కొత్తపేట గుమాస్తాగారి కూతురి కాలిగజ్జెలలో పలుకుచున్నది. ఒకచోట వృత్తికళాకారుడు వెనుకబడుచుండగా, వేరొకచోట కళ వృత్తి కానివారి చేతికి వచ్చుచున్నది. ఈ రెండును ఒకే వేసవి సాయంకాలమున, రెండు మూడు మైళ్ల యెడమున జరుగుచున్నవి.

ఆడుటకు తావు కావలెను గదా. ఇదియే నన్ను మిక్కిలి కలవరపెట్టు సంగతి. పూర్వము గుట్ట, చెరువుగట్టు, తోట ఎవరిదైనను జనులది. 2001 అక్టోబరు వానలకు రేమాండు సమాధికడనున్న మంటపము కూలగా పిమ్మట దానిని మరల నిలిపిరి, గుట్టచుట్టును ఇండ్లు క్రమ్ముకొన్నవి. కొత్తపేటయందలి పండ్లబజారు వేసవిలో మామిడి బండ్లతో తానే యొక తిరునాళ్లగా నుండెడిది. అది 2021లో ఊరివెలుపలికి పోయినది, ఆ స్థలమున ఆసుపత్రికి 2022లో శంకుస్థాపన చేసిరి. ఆసుపత్రిని కాదనువారెవరు? అయినను కాలనీ మధ్య నొక విశాలస్థలము తగ్గినమాట నిజము. సరూర్‌నగరపు క్రీడాస్థలమును, విక్టోరియా స్మారక అనాథాలయపు ఆవరణమును మిగిలియున్నవి. ఆ క్రీడాస్థలముననే 2025 సెప్టెంబరులో అరువది అడుగులకు మించిన బతుకమ్మను పేర్చి, వేలకొలది స్త్రీలు ఆడిరి.

సరూర్‌నగరమునకు ఈ ప్రసంగములతోనే సంబంధమొకటి కలదని శ్రోతలలో పెక్కురెరుగకపోవచ్చును. 1935 ఫిబ్రవరి 3వ తేదీన ఆబిడ్సుకడ చిరాగలీ సందులో ఆరంభమైన దక్కను రేడియో కొంతకాలము సరూర్‌నగరమున నుండి, పిమ్మట ఖైరతాబాదునకు తరలెను. 1950 ఏప్రిలు 1న ఆకాశవాణిలో చేరెను. ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడములు నాలుగును ఆ గాలిలోనే వినబడినవి. గుట్టమీద మూసారాముని ఉరుసు తగ్గుముఖము పట్టిన దినములును, ఇంటింట వినికిడి పెట్టె చేరిన దినములును ఇంచుమించు ఒకటే. ఒకటి రెండవదానికి కారణమని నేననను, తేదీలు మాత్రము ప్రక్కప్రక్కన నున్నవి.

2020వ సంవత్సరమున మార్చి 25వ తేదీ శార్వరి నామ సంవత్సరపు ఉగాది యయ్యెను. రేమాండు మరణించిన తేదీయు, తెలుగువారి సంవత్సరాదియు నొకటే దినమున కలిసిన యరుదైన యేడు అది. ఆ దినమే దేశమంతట ఇండ్లు కదలరాదను శాసనము అమలులోనికి వచ్చెను. కర్మన్‌ఘాటున గుంపులేదు, కొత్తపేటలో కవిసమ్మేళనము లేదు, గుట్టమీద ఎవరును లేరు. ఆ యుదయమున కాలనీవారు వేపపూత పచ్చడిని ఇంటనే ఆరగించి, పంచాంగశ్రవణమును టెలివిజను ముందర కూర్చుండి వినిరి.