లెక్కపెట్టుట, లెక్కచేయుట

తెలుగులో ‘లెక్క’ అనే మాట రెండు పనులు చేస్తుంది. ‘లెక్కపెట్టుట’ అంటే ఎందరో, ఎన్నో ఎంచి చూచుట. ‘లెక్కచేయుట’ అంటే ఎదుటివారిని మనుషులుగా గుర్తించి వారి మంచిచెడ్డలను పట్టించుకొనుట. ఈ రెండింటి నడుమ ఎంత దూరమున్నదో దక్షిణాఫ్రికా చరిత్ర మనకు చెబుతున్నది.

1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుండి డర్బను చేరినది. అది మొదలు 1911 వరకు 1,52,184 మంది గిర్మిటు కూలీలు నేటాలుకు వచ్చారు. వారిలో సుమారు మూడింట రెండు వంతులవారు మద్రాసులో ఓడ ఎక్కినవారే. ప్రతి ఒక్కరికీ ఒక నంబరు ఇచ్చారు. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, ఊరు, జిల్లా పట్టీలలో వ్రాశారు. మన పిల్లలు నేడు ముత్తాతల ఊరిని వెదకేది ఆ పట్టీలలోనే. అయితే అంత శ్రద్ధగా వారిని లెక్కపెట్టినవారు, వారి ఆకలిని, అనారోగ్యాన్ని అంత శ్రద్ధగా లెక్కచేయలేదు.

1918 సెప్టెంబరులో, యూరపు యుద్ధభూమి నుండి తిరిగివస్తున్న సైనిక కూలీలను తెచ్చిన రెండు ఓడలు సియెర్రా లియోను మీదుగా కేప్‌టౌను చేరాయి. వాటితోపాటు ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి దిగి, రైలు మార్గాల వెంట దేశమంతటా ప్రాకినది. మృతులు సుమారు 1,40,000 మంది అని ప్రభుత్వ విచారణ సంఘం తేల్చినది. తరువాతి చరిత్రకారుల అంచనా దానికి రెట్టింపు, అనగా సుమారు 3,00,000. ఇంత తేడాకు కారణం స్పష్టమే. పల్లెలలోని ఆఫ్రికన్ల మరణాలలో అనేకం ఏ పుస్తకానికీ ఎక్కలేదు. జనన మరణాల నమోదుకు దేశానికంతకూ ఒకే చట్టం 1923లో గాని రాలేదు.

ఆ జబ్బు వృద్ధులకంటె పని చేయగల యువతీయువకులనే ఎక్కువగా కబళించినది. అందువలన ఎన్నో ఇండ్లలో సంపాదన ఆగిపోయినది, పిల్లలు అనాథలైనారు. 1919లో ప్రజారోగ్య చట్టం వచ్చి, ఆరోగ్య శాఖ ఏర్పడినది. అది గొప్ప మేలే. అయినా, ఏ ఇంట పొయ్యి వెలగడం లేదు, ఏ బిడ్డ ఎవరి పంచన చేరినది అని అవే ఇండ్లను మరల మరల అడిగే ఏర్పాటు ఆనాడు లేదు. ఆ లోటును కొంతవరకు సంఘాలే తీర్చుకున్నాయి. 1921లో డర్బనులో ఆర్య యువక సభ నిరాశ్రయుల కొరకు ఒక గృహాన్ని తెరచినది అట్టి సేవకు ఉదాహరణ.

నూరేండ్ల తరువాత కోవిడు వచ్చినది. 2020 మార్చి 27న దేశం మూతపడినది. ఈసారి మూడు విశ్వవిద్యాలయాల పరిశోధకులు సుమారు 7,000 మందిని టెలిఫోనులో ప్రశ్నించారు. 2020 మే నుండి 2021 మే వరకు అయిదు విడతలుగా, సాధ్యమైనంతవరకు అదే మనుషులను మరల పలకరించారు. ఫిబ్రవరి, ఏప్రిలు నెలల మధ్య సుమారు 30 లక్షల ఉద్యోగాలు పోయినవనీ, వాటిలో దాదాపు 20 లక్షలు స్త్రీలవేననీ తేలినది. ఏప్రిలులో నూటికి 47 కుటుంబాలు ఆహారం కొనుటకు డబ్బు చాలలేదని చెప్పాయి. టీకాకు సమ్మతించినవారు 2021 ఆరంభంలో నూటికి 71 మంది; కొన్ని నెలలలోనే వారు 76 మంది అయినారు. మార్పు తెలిసినది మరల అడిగినందువలననే.

లెక్క సహాయపు లోపాలను కూడా చూపినది. ఉద్యోగాలు ఎక్కువగా పోగొట్టుకున్నది స్త్రీలైనా, బిడ్డల గ్రాంటు తీసుకొనే తల్లులకు నెలకు 350 రాండ్ల కొత్త సహాయం పొందే అర్హత మొదట లేదు. ఆ నియమం 2021 ఆగస్టులో మారినది.

అయితే దేశ జనాభాలో భారతీయులు నూటికి ముగ్గురికన్న తక్కువ. కనుక 7,000 మందిని అడిగిన లెక్కలో చాట్స్‌వర్తు, ఫీనిక్సు వీధులు విడిగా కనిపించవు. ఆ పని మనదే. మన ఆలయ కుటుంబాలను మూడు విషయాలు అడుగుదాము: ఇంటి ఆదాయం తిరిగి నిలబడినదా? ఒంటరిగా మిగిలిన పెద్దలను, పిల్లలను ఎవరు చూస్తున్నారు? మధుమేహానికి, రక్తపోటుకు మందులు క్రమముగా అందుతున్నవా? ఆరు నెలలకు ఆ ఇంటినే మరల అడుగుదాము. చెప్పిన మాటను గోప్యముగా ఉంచుదాము. సహాయం కోరుటకు సిగ్గుపడే ఇంటి తలుపును ముందుగా తట్టుదాము.

మన పూర్వులకు ఇతరులు నంబర్లు ఇచ్చారు. మన ఇరుగుపొరుగును మనం పేరుపెట్టి పిలిచి, క్షేమమడిగి, లెక్కచేద్దాము.