బెడ్-స్టయ్ పాఠం: డబ్బు ఎవరిది, పెత్తనం ఎవరిది?

మన ఐటీ వాళ్ళం నలుగురం కలిస్తే ఎప్పుడో ఒకప్పుడు "మన ఊరికి ఏదైనా చెయ్యాలిరా" అన్న మాట వస్తుంది. మేమూ అలాగే కొన్నేళ్ళ క్రితం చందాలేసుకుని మా ఊరి బడికి ఆరు కంప్యూటర్లు కొనిచ్చాం. ప్రతి శనివారం రాత్రి కాన్ఫరెన్స్ కాల్. ర్యామ్ ఎంతుండాలి అని గంటలకొద్దీ వాదించుకున్నాం గానీ, ఊళ్ళో కరెంటు ఎప్పుడుంటుందో, ఆ గది తాళం ఎవరి దగ్గరుంటుందో ఒక్కళ్ళమూ అడగలేదు. తర్వాత వెళ్ళి చూస్తే వాటి మీద దుప్పటి కప్పి ఉంది. "ముందు ఓ మాట అడిగుంటే ఆడపిల్లల మరుగుదొడ్డికి నీళ్ళ పైపు అడిగేవాళ్ళం బాబూ" అన్నారు హెడ్మాస్టారు, ఎంతో మర్యాదగా. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అప్పటినుంచి ఇలాంటి పనులు ఇంకెవరు ఎలా చేశారా అని చదవడం మొదలుపెట్టాను. అలా తగిలిందే న్యూయార్కు బ్రూక్లిన్‌లోని బెడ్‌ఫర్డ్-స్టయ్‌వెసంట్ కథ. అక్కడివాళ్ళు ముద్దుగా బెడ్-స్టయ్ అంటారు.

1960లలో అది అమెరికాలోని అతి పెద్ద నల్లవారి పేటల్లో ఒకటి. 1930లలోనే ప్రభుత్వ సంస్థ ఒకటి అప్పులివ్వడానికి ప్రమాదకరమైన చోటని మ్యాపులో దానికి ఎర్రరంగు పూసింది. ఇక బ్యాంకులు అటువైపు చూస్తే ఒట్టు. అప్పు పుట్టదు కాబట్టి ఇళ్ళకి రిపేర్లు లేవు. ఇళ్ళు పాడయ్యాయి కాబట్టి అప్పు పుట్టదు. మన భాషలో చెప్పాలంటే ఇన్ఫినిట్ లూప్.

1966 ఫిబ్రవరిలో సెనేటర్ రాబర్ట్ కెన్నెడీ ఆ వీధుల్లో తిరిగి చూశాడు. తర్వాత జరిగిన సమావేశంలో స్థానిక నాయకులు ఆయన్ని గట్టిగానే దులిపేశారు. వాళ్ళలో ఎల్సీ రిచర్డ్‌సన్ ఒకావిడ. మా మీద అధ్యయనాలు చేసీ చేసీ మమ్మల్ని చంపేశారు, ఇక కంటికి కనపడే పని ఏదైనా చెయ్యండి, అన్నది ఆవిడ మాటల సారాంశం. కెన్నెడీకి అది తగిలినట్టే ఉంది. ఇంకో సెనేటర్ జేకబ్ జావిట్స్‌తో కలిసి ఇలాంటి పేటలకి నిధులొచ్చేలా చట్టానికి సవరణ తెచ్చాడు. ఆ డిసెంబరులో బెడ్-స్టయ్ పథకం ప్రకటించాడు.

అసలు తమాషా ఆ పథకం నిర్మాణంలో ఉంది. ఒకటి కాదు, రెండు సంస్థలు. ఒకదాంట్లో స్థానికులు. రెండోదాంట్లో పెద్ద పెద్ద వ్యాపారవేత్తలు: ఐబీఎం అధిపతి థామస్ వాట్సన్ జూనియర్, సీబీఎస్ అధిపతి విలియం పేలీ వగైరా. అంటే పేట వాళ్ళది ఒక బోర్డు, డబ్బున్నవాళ్ళది ఇంకో బోర్డు. ఆన్‌సైట్, ఆఫ్‌షోర్ గొడవలు తెలిసిన మనకి ఇది ఎటు పోతుందో వేరే చెప్పక్కర్లేదు.

గొడవ ముందు స్థానిక బోర్డులోనే వచ్చింది. 1967 వసంతంలో అది చీలిపోయి, బెడ్‌ఫర్డ్ స్టయ్‌వెసంట్ రెస్టొరేషన్ కార్పొరేషన్ అని కొత్త సంస్థ పుట్టింది. మొదట్నుంచీ పోరాడిన రిచర్డ్‌సన్ లాంటి ఆడవాళ్ళకి అందులో మునుపటి పట్టు లేకుండా పోయింది. అడిగినవాళ్ళొకరు, కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఇంకొకరు. ఈ సంస్థని పొగిడేవాళ్ళు చాలామంది ఈ ముక్క దాటేస్తారు.

కొత్త సంస్థకి అధ్యక్షుడిగా వచ్చినవాడు ఫ్రాంక్లిన్ థామస్. 1934లో ఆ పేటలోనే పుట్టాడు. కొలంబియాలో బాస్కెట్‌బాల్ జట్టు కెప్టెన్, ఆపైన లాయరు, న్యూయార్కు పోలీసు శాఖలో డిప్యూటీ కమిషనర్. మొదట్లోనే ఎత్తుకున్న పనేమిటో తెలుసా? ఇళ్ళ ముందుభాగాలు బాగుచెయ్యడం! ఇంటివాళ్ళు కట్టాల్సింది 25 డాలర్లు. పనిచేసేది ఆ పేటలోనే ఉద్యోగాల్లేని కుర్రాళ్ళు, పని నేర్చుకుంటూ. పైపై మెరుగులని వెక్కిరించడం తేలికే. కానీ ఏళ్ళ తరబడి మాటలే విన్నవాళ్ళకి తమ గుమ్మం బాగుపడటం కళ్ళారా కనపడింది. ఆ నమ్మకం కుదిరాక మిగతావి నడిచాయి. బ్యాంకులు కలిసి గృహరుణాల కోసం 6.5 కోట్ల డాలర్లు ఇస్తామన్నాయి. ఫుల్టన్ స్ట్రీట్‌లో మూతపడ్డ పాల ఫ్యాక్టరీ సంస్థ ఆఫీసులూ, దుకాణాలూ ఉన్న సముదాయంగా మారింది. 1972లో బిల్లీ హాలిడే థియేటర్ మొదలైంది. ఐబీఎం 1968లోనే ఆ పేటలో కంప్యూటర్ కేబుళ్ళ ప్లాంటు పెట్టి స్థానికులకి ఉద్యోగాలిచ్చింది. మిగతా కంపెనీలు మాత్రం ఐబీఎం వెనకాల క్యూ కట్టలేదు.

1968 జూన్‌లో కెన్నెడీ హత్య జరిగింది. పెద్దమనిషి పోతే పథకం కూడా పోవడం మనం చూస్తూనే ఉంటాం. ఇది పోలేదు. థామస్ 1977 దాకా పదేళ్ళు నడిపాడు. ఆ మధ్యలోనే రెండు బోర్డుల పద్ధతి పోయి ఒక్కటే మిగిలింది. 1979లో ఆయన ఫోర్డ్ ఫౌండేషన్ అధ్యక్షుడయ్యాడు, ఆ పదవికొచ్చిన తొలి నల్లజాతీయుడు. 2021లో చనిపోయాడు.

అంతా శుభం అనలేను. 1980లలో రీగన్ ప్రభుత్వం నిధులు కోసేసరికి సంస్థ బాగా చిక్కిపోయింది. 2000 తర్వాత పేట బాగుపడి ఇళ్ళ ధరలు ఆకాశానికంటితే, పాతకాపులే అద్దెలు కట్టలేక వెళ్ళిపోవడం మొదలైంది. పేట బాగుపడటం, పేటవాళ్ళు బాగుపడటం ఒకటి కాదని అప్పుడు తెలిసొచ్చింది.

ఇంత చదివాక నాకు అర్థమైంది ఇదీ. థామస్ మహా మేధావి కాబట్టి పని జరిగిందనుకోను. ఆ వీధిలో పెరిగినవాడి చేతికి పెత్తనం కూడా దక్కింది కాబట్టి జరిగింది. రిచర్డ్‌సన్‌కి గొంతు ఉంది, పెత్తనం దక్కలేదు. మా హెడ్మాస్టారికి మేం ఆ గొంతు కూడా ఇవ్వలేదు.

పోయిన నెల మా గుంపులో ఓ ప్రతిపాదన పెట్టాను: కమిటీలో సగం మంది ఊళ్ళో ఉండేవాళ్ళే కావాలి, అందులోనూ ఆడవాళ్ళుండాలి, వాళ్ళ సంతకం లేనిదే రూపాయి కదలకూడదు. "వాళ్ళకేం తెలుసు?" అన్నాడొక మిత్రుడు. గది తాళం ఎవరి దగ్గరుంటుందో వాళ్ళకి తెలుసు కదా, అన్నాను. ఓటింగు వచ్చే శనివారం.