భారతదేశంలో ద్రవ్యోల్బణం: ధరలు, కూలి రేట్లు, వలసలు

వస్తువులు, సేవల ధరలు మొత్తంమీద ఏడాదికేడాది పెరుగుతూ పోవడాన్ని ద్రవ్యోల్బణం అంటారు. ఒక్క ఉల్లిపాయ రేటు పెరిగితే అది ద్రవ్యోల్బణం కాదని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఓటరు లెక్క వేరు. 1998 నవంబరులో ఢిల్లీలో అధికార పార్టీ ఓడిపోవడంలో ఉల్లి ధరకు పెద్ద వాటాయే ఉంది. వానలు, చమురు, ప్రభుత్వ అప్పు, కూలి రేట్లు, వలసలు అన్నీ మనదేశంలో ధరలను కదిలిస్తాయి. వీటిలో నింద అన్నిటికంటే త్వరగా పడేది కూలి మీద. గత ఎనభై ఏళ్ల చరిత్ర తిరగేస్తే మాత్రం, ధరల వెనక కూలి పరుగెత్తిన సందర్భాలే ఎక్కువ కనిపిస్తాయి.

ఈ చరిత్రలో మొదటి పెద్ద దెబ్బ రెండో ప్రపంచయుద్ధంతో తగిలింది. యుద్ధం కోసం బ్రిటన్ ఇక్కడ కొన్న సరుకులకు లండన్‌లో స్టెర్లింగ్ జమ అయ్యేది. దాన్ని చూపి రిజర్వు బ్యాంకు ఇక్కడ రూపాయి నోట్లు విడుదల చేసేది. 1939-45 మధ్య చలామణిలో ఉన్న నోట్లు ఆరు రెట్లకు పైగా పెరిగాయి. సరుకులు ఆ మేరకు పెరగలేదు సరికదా, 1942లో బర్మా జపాను వశమయ్యాక అక్కడి బియ్యం కూడా ఆగిపోయింది.

దీని ఫలితం బెంగాల్‌లో అతి ఘోరంగా కనిపించింది. కలకత్తా టోకు మార్కెట్లో మణుగు బియ్యం (అక్కడి మణుగు సుమారు 37 కిలోలు) 1942 డిసెంబరులో 13-14 రూపాయలుండేది. మార్చికి 21, మే నెలాఖరుకు 30 దాటి, ఆగస్టుకల్లా 37 రూపాయలైంది. కలకత్తా ఫ్యాక్టరీ కార్మికులకు చౌక బియ్యం, కరవు భత్యం అందాయి. పల్లెల్లో పొలం కూలీలకు, జాలరులకు, వడ్లు దంచి బతికే ఆడవాళ్లకు ఏదీ అందలేదు. 1943లో పంట 1941 నాటికంటే తక్కువేమీ కాదని, కూలి డబ్బుకు కొనే శక్తి పోవడమే జనాన్ని చంపిందని ఆర్థికవేత్త అమర్త్య సేన్ 1981లో ‘పావర్టీ అండ్ ఫామిన్స్’ పుస్తకంలో వాదించారు. పంట లెక్కల మీద ఆయనతో విభేదించిన వాళ్లున్నారు గానీ, కూలి, బియ్యం ధరల మధ్య పెరిగిన అగాధాన్ని ఎవరూ పెద్దగా కాదనలేదు. ఆ బెంగాల్ కరవులో చనిపోయినవాళ్లు దాదాపు 30 లక్షలని అంచనా.

యుద్ధకాలపు కరవు భత్యం తర్వాత శాశ్వతమైంది. కేంద్ర ఉద్యోగుల కరవు భత్యం (డీఏ) ఇప్పటికీ పారిశ్రామిక కార్మికుల ధరల సూచీని బట్టి ఏడాదికి రెండుసార్లు, జనవరి నుంచి, జూలై నుంచి మారుతుంది. ఉద్యోగి జీతం అలా ధరలను వెన్నంటే నడుస్తుంది. మేస్త్రీ దగ్గర రోజుకూలికి వెళ్లేవాడికి ఆ సౌకర్యం లేదు. రేటు పెంచమని అడగాలి, లేదా ఊరు మారాలి.

స్వాతంత్ర్యం వచ్చాక ధరలు అన్నిటికంటే ఎక్కువ మండింది 1973-75లో. 1972లో వానలు మొహం చాటేశాయి. 1973లో ప్రభుత్వం గోధుమల టోకు వ్యాపారాన్ని తన చేతుల్లోకి తీసుకుని, అది నడవక వదులుకుంది. ఆ ఏడాది చివర అరబ్ దేశాలు చమురు సరఫరాను బిగించడంతో పీపా ధర కొద్ది నెలల్లో దాదాపు నాలుగింతలైంది. 1974-75లో టోకు ధరల పెరుగుదల సగటున 25 శాతం. ఆ వేడిలోనే 1974 మేలో జార్జి ఫెర్నాండెజ్ నాయకత్వాన రైల్వే కార్మికులు సమ్మెకు దిగారు. ఇరవై రోజుల్లో ప్రభుత్వం దాన్ని అణచివేసింది. జూలైలో ఆర్డినెన్సు తెచ్చి, జీతాల్లో కొత్తగా పెరిగిన మొత్తం అంతా, కరవు భత్యంలో పెరిగిన దానిలో సగం నిర్బంధ డిపాజిట్ చేయించింది. ధరలు ఎగబాకింది తిండిగింజలు, చమురు వల్ల. పగ్గం పడింది జీతాల మీద. బ్యాంకు రుణాలు కూడా బిగించారు, తర్వాత 1975లో వానలు బాగా పడ్డాయి. 1975-76లో టోకు ధరలు ఏకంగా ఒక శాతం తగ్గాయి. ఎమర్జెన్సీ క్రమశిక్షణే ఇందుకు కారణమని అప్పటి ప్రచారం. వాన వాటాను అది పక్కన పెట్టింది.

ధరల పెరుగుదలకు మరో కారణం బయటికి కనిపించేది కాదు. 1955లో చేసుకున్న ఏర్పాటు ప్రకారం, కేంద్రం ఖాతాలో నిల్వ 50 కోట్ల రూపాయలకు దిగువకు వస్తే రిజర్వు బ్యాంకు అడ్‌హాక్ ట్రెజరీ బిల్లులు తీసుకుని లోటు భర్తీ చేసేది. పరిమితి లేదు, అడిగేవాడూ లేడు. బడ్జెట్ లోటు ఎంత పెరిగితే చలామణిలోకి అంత కొత్త డబ్బు వచ్చేది. 1990-91లో గల్ఫ్ సంక్షోభం, విదేశీ మారక నిల్వల కటకట తోడయ్యాయి. 1991-92లో టోకు ధరలు 13 శాతానికి పైగా పెరిగాయి. గవర్నరు సి. రంగరాజన్ హయాంలో 1994లో కేంద్రంతో ఒప్పందం కుదిరి, 1997 మార్చి నెలాఖరుతో ఈ బిల్లులకు స్వస్తి పలికారు. తాత్కాలిక అవసరాలకు హద్దులున్న చేబదులు పద్ధతి వచ్చింది. ధరల చరిత్రలో ఇంత పెద్ద మార్పు ఇంత తక్కువ చప్పుడుతో జరగడం అరుదు.

కూలి మీద అసలు చర్చ 2009-13 నడుమ సాగింది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలై, రెండేళ్లలో దేశమంతా విస్తరించింది. 2011 నుంచి ఆ కూలిని వ్యవసాయ కార్మికుల ధరల సూచీతో ముడిపెట్టారు. ఆ సంవత్సరాల్లో పల్లె కూలి రేట్లు ఏటా రెండంకెల్లో పెరిగాయి. తిండి ధరలూ పెరిగాయి. నాట్లకు మనిషి దొరకడం లేదు, ఉపాధి పనే ధరలను పెంచుతోందన్నది రైతుల మాట. వ్యవసాయ ఆర్థికవేత్త అశోక్ గులాటీ బృందం 2013లో లెక్కలు తీసి, పథకం ప్రభావం ఉన్నా భవన నిర్మాణం, మొత్తం ఆర్థిక వృద్ధి కూలీలను లాగడమే అంతకంటే పెద్ద కారణమని తేల్చింది. అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నరు దువ్వూరి సుబ్బారావు 2010 మార్చి నుంచి 2011 అక్టోబరు దాకా వడ్డీ రేటు 13 సార్లు పెంచారు. అయినా చిల్లర ధరల పెరుగుదల 2013 దాకా పది శాతం చుట్టూనే తిరిగింది.

వలస ఈ లెక్కను రెండు వైపులా మార్చగలదు. కేరళ మగవాళ్లు 1970ల నుంచి గల్ఫ్‌కు వెళ్లడంతో అక్కడ తాపీ పని, వడ్రంగం కూలి బాగా పెరిగింది. పంపిన డబ్బుతో ఇళ్లు లేచి గిరాకీ ఇంకా హెచ్చింది. ఆ ఖాళీలోకి మొదట తమిళనాడు నుంచి, తర్వాత బెంగాల్, అస్సాంల నుంచి పనివాళ్లు వచ్చారు. పంజాబ్‌లో 2020 జూన్ నాట్లప్పుడు ఈ సంగతి ఇంకా స్పష్టంగా తెలిసింది. లాక్‌డౌన్‌తో బిహారీ కూలీలు ఇళ్లకు పోయారు. ఎకరం నాటుకు మూడు వేల రూపాయల లోపు ఉన్న గుత్త రేటు నాలుగైదు వేలకు ఎక్కింది. ఇంతకంటే ఎక్కువ ఇవ్వకూడదని కొన్ని పంచాయతీలు తీర్మానాలు చేశాయి. కొందరు రైతులు బస్సులు పెట్టి మరీ కూలీలను వెనక్కి రప్పించుకున్నారు. తెలంగాణలోనూ ఇప్పుడు బిహార్, బెంగాల్ ముఠాలు ఎకరానికి ఇంతని మాట్లాడుకుని నాట్లు వేస్తున్నాయి. ఒకప్పుడు అదే తెలంగాణలోని పాలమూరు నుంచి దేశమంతా కాలువలు, ఆనకట్టల పనులకు మనుషులు వెళ్లేవారు. వచ్చేవాళ్లు కూలి రేటును ఆపుతారు, అదే సమయంలో నగరంలో గది అద్దెను పెంచుతారు. 2012 ఆధార సంవత్సరంగా తీసిన చిల్లర సూచీలో పట్టణ ఇళ్ల అద్దెకు చోటుంది, పల్లెల అద్దెకు లేదు.

2014లో ఉర్జిత్ పటేల్ కమిటీ నివేదిక ఇచ్చింది; దాని బాటలోనే 2016లో చట్టం సవరించి, చిల్లర ధరల పెరుగుదలను 4 శాతం దగ్గర, రెండు శాతం అటూఇటూగా ఉంచే బాధ్యతను రిజర్వు బ్యాంకుకు అప్పగించారు. ఉక్రెయిన్ యుద్ధం వచ్చిన 2022లో వరసగా మూడు త్రైమాసికాలు 6 శాతం దాటడంతో, ఎందుకు తప్పామో వివరిస్తూ బ్యాంకు కేంద్రానికి లేఖ రాయాల్సివచ్చింది. ఆ లేఖను బయటపెట్టలేదు.

ఆ 2012 సూచీలో తిండి, పానీయాల వాటా దాదాపు 46 శాతం. అందుకే 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో 200 రూపాయల దరిదాపులకు చేరినప్పుడు దేశం మొత్తంమీద చిల్లర ధరల పెరుగుదల 7.44 శాతానికి ఎగిరింది. వడ్డీ పెంచితే టమాటా కాయదు గనక రిజర్వు బ్యాంకు రెపో రేటును 6.5 శాతం దగ్గరే ఉంచింది. కొద్ది వారాల్లో కొత్త పంట వచ్చి రేటు కుప్పకూలింది. 2025 అక్టోబరులో సీను తిరగబడింది. కూరగాయలు, పప్పుల ధరలు పడిపోవడంతో చిల్లర ధరల పెరుగుదల 0.25 శాతానికి దిగింది. తిండి, ఇంధనం తీసేసి లెక్కిస్తే మాత్రం అప్పుడు కూడా 4 శాతం పైనే ఉంది. అందులో మంచి భాగం బంగారం ధరదే.