రంగం వెళ్ళిన మనవాళ్ళు

ద్రాక్షారామం పేరు చెప్పగానే ఎవరికైనా జ్ఞాపకం వచ్చేది భీమేశ్వరాలయం, ఆ ఆలయంలోని శిలాశాసనాలు. మన ప్రాంతపు చరిత్ర వ్రాసేవారు సాధారణంగా ఆ శాసనాల దగ్గరే ఆగుతారు. కాని ఈ ఊరికి తూర్పున పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూగా కోరంగి ఉన్నది. ఒకప్పుడు అది దేశదేశాల ఓడలు వచ్చి ఆగిన రేవు. ఏ రాతిమీదను చెక్కబడని మన చరిత్ర కొంత ఆ రేవు మీదుగాను, తరువాత కాకినాడ రేవు మీదుగాను సముద్రం దాటిపోయింది.

బర్మా దేశంలో తెలుగువారిని ‘కోరంగీలు’ అని పిలిచేవారు. గోదావరి మనిషి అయినా, విశాఖపట్టణం మనిషి అయినా, గంజాం మనిషి అయినా వారి కంటికి కోరంగీయే. మనవాళ్ళు మాత్రం రంగూన్ పట్టణాన్ని ‘రంగం’ అనుకున్నారు. “మా తాత రంగం వెళ్ళాడు” అనే మాట ఈ తీరంలో ఎన్నో ఇళ్ళలో వినబడేది. ‘రంగూన్ రౌడీ’ అనే నాటకం ఊరూరా ఆడింది. ఆ రోజులలో రంగం అంత దగ్గరి పేరు.

అలా వెళ్ళినవారికి పని దొరికింది. మరి ఇల్లు దొరికిందా? ఈ రెండును వేరువేరు సంగతులని వారి చరిత్ర చూచినప్పుడు తెలుస్తుంది. నేడు కూడా మన డెల్టా గ్రామాలనుండి ఎందరో విదేశాలకు పోవుచున్నారు గనుక, ఈ సంగతి కొంచెం నిదానంగా ఆలోచించదగినది.

నీరు వచ్చిన తరువాత ఎందుకు వెళ్ళారు?

ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేయించాడు. కాలువలు వచ్చాయి, భూములు పండాయి. అటువంటప్పుడు మనుషులు ఊరు విడిచి సముద్రం ఎందుకు దాటినట్లు? జవాబు కష్టమైనది కాదు. కాలువ నీరు పొలం ఉన్నవాడి పొలానికి వచ్చింది. పొలం లేనివాడికి ఊడ్పులకు కొన్నాళ్ళు, కోతలకు కొన్నాళ్ళు పని వచ్చింది. మిగిలిన నెలలు అప్పుతో గడవవలసిందే. నీటి వసతి లేని విశాఖపట్టణం, గంజాం జిల్లాలలో పరిస్థితి ఇంకా దుర్భరం. అందుచేత బర్మా వెళ్ళిన తెలుగువారిలో ఉత్తర జిల్లాలవారు ఎక్కువ. కాని గోదావరి జిల్లానుండి వెళ్ళినవారును తక్కువ కాదు.

ఆనకట్ట పూర్తయిన ఆ 1852లోనే ఆంగ్లేయులు దిగువ బర్మాను ఆక్రమించుకున్నారు. అక్కడ ఐరావతీ నది డెల్టా ఉన్నది. అది మన గోదావరి డెల్టావంటిదే, అంతకంటె ఎంతో పెద్దది. అడవులు కొట్టి వరి వేశారు. 1869లో సూయజ్ కాలువ తెరువబడిన తరువాత ఐరోపాకు బియ్యం ఎగుమతి మరింత పెరిగింది. మిల్లులకు, ఓడరేవుకు, కోతలకు చేతులు కావలసివచ్చాయి. ఆ చేతులు బంగాళాఖాతానికి ఇవతల ఒడ్డున పని లేక ఉన్నాయి.

కోరంగి రేవు అప్పటికే క్షీణదశలో ఉన్నది. 1789లోను, 1839 నవంబరులోను వచ్చిన తుపానుల ఉప్పెన దానిని ముంచివేసింది. పిమ్మట ఒండ్రు పూడి పెద్ద ఓడలు లోపలికి రాలేకపోయాయి. కాకినాడ ఆ స్థానానికి వచ్చింది. అక్కడను స్టీమరు ఒడ్డుకు దూరంగా లంగరు వేసి నిలిచేది. జనం పడవలలో పోయి దానిని ఎక్కేవారు. రేవు మారినా అవతలి ఒడ్డున కోరంగి పేరు మారలేదు.

మేస్త్రీ చేతిలో మూడు తాళాలు

ఈ వలసలో ముఖ్యమైన వ్యక్తి మేస్త్రీ. అతడు సామాన్యంగా మన జిల్లాలవాడే, లోగడ తానును కూలిగా వెళ్ళినవాడే. ఊరికి వచ్చి, ఇంటివారికి కొంత బయానా ఇచ్చి, ఓడ ఖర్చు పెట్టి, నోటు వ్రాయించుకుని మనుషులను తీసుకొనిపోయేవాడు. మిల్లు యజమానికిగాని స్టీమరు కంపెనీకిగాని కూలివాడు ఎవరో తెలియదు. వారికి తెలిసినది పెద్ద మేస్త్రీ. పెద్ద మేస్త్రీ క్రింద చిన్న మేస్త్రీలు, వారి క్రింద ముఠాలు. కూలి డబ్బు పైనుండి క్రిందకు దిగుచు, ప్రతి మెట్టు దగ్గరను కొంత తరిగి వచ్చేది. అందులోనుండి పాత బాకీ తీరాలి, తిండి ఖర్చు పోవాలి, మిగిలినది మనియార్డరుగా ఇంటికి చేరాలి.

పని ఇచ్చేవాడును, ఉండడానికి చోటు చూపేవాడును, అప్పు ఇచ్చినవాడును ఒక్కడే. మూడు తాళాలును ఒకే చేతిలో ఉన్నప్పుడు కూలివాడు దేనిని విడువగలడు? పని మానుకుంటే గది పోతుంది. గది మారుదామంటే బాకీ అడ్డం వస్తుంది. చట్టరీత్యా వీరు స్వేచ్ఛగా వెళ్ళినవారే. మోరిషస్, ఫిజీ వెళ్ళినవారివలె ప్రభుత్వం ఎదుట ఎగ్రిమెంటు వ్రాసినవారు కారు. అయినను చేతిలోని నోటు చట్టం చేయని పని చేసింది.

వారు చేయని బరువుపని లేదు. రంగూన్ రేవులో ఓడలకు బస్తాలు ఎత్తి దింపినవారు వీరు. పజుందాంగు వాగు ఒడ్డున ఉన్న బియ్యపు మిల్లులలో ధాన్యం మోసినవారు, సిరియంలో చమురు శుద్ధి కర్మాగారంలో పనిచేసినవారు, వీధులలో రిక్షా లాగినవారు, పట్టణం శుభ్రపరచినవారు వీరే. 1931 జనాభా లెక్కలలో రంగూన్ జనసంఖ్య 4,00,415. అందులో భారతీయులు 2,12,929 మంది, అనగా సగానికి పైగా. బర్మా మొత్తం మీద భారతీయులు 10,17,825 మంది కాగా, వారిలో లక్షన్నరకు మించి తెలుగు మాటలాడేవారు.

పడుకొనడానికి చోటు, ఉండడానికి కాదు

ఇంత పట్టణాన్ని నడిపినవారు ఎక్కడ ఉండేవారు? బ్యారకులలోను, అద్దె గదులలోను పదులకొద్ది మనుషులు ఒకచోట. పగలు పనిచేసినవాడు లేచిన చాపమీద రాత్రి పనిచేసినవాడు పడుకొనేవాడు. గదిలో ఉక్కగా ఉంటే బయట కాలిబాట మీద. వంట ముఠా అంతటికీ కలిపి ఒకచోట. మగవారితో పోల్చితే ఆడవారు చాలా తక్కువ. అంటే అక్కడ వేలకొలది తెలుగువారున్నారు గాని తెలుగు సంసారాలు కొద్ది.

దీనికి బీదతనం ఒక్కటే కారణం కాదు. రంగం దగ్గర. స్టీమరు ఎక్కితే వారం లోపున చేరవచ్చు. అక్కడ వరికోతలకు ముందు చలికాలం మొదట్లో వెళ్ళి, మిల్లుల రద్దీ తగ్గిన తరువాత వేసవిలో వచ్చేవారు ఎందరో. తక్కినవారు రెండు మూడేండ్లుండి తిరిగివచ్చేవారు. “ఎలాగూ వెళ్ళిపోతాం గదా” అని ఇల్లు కట్టలేదు. పొలం కొనలేదు. బర్మా భాషను బజారుకు కావలసినంత నేర్చుకున్నారు. వచ్చే సంవత్సరం వెళ్ళిపోదామని అనుకుంటూనే కొందరికి ఇరవై ముప్పయి ఏండ్లు గడిచిపోయాయి.

ఇక్కడ మోరిషస్‌ను జ్ఞాపకం చేసుకోవడం మంచిది. 1834 మొదలు ఆ చిన్న ద్వీపానికి చెరకుతోటల పనికి సుమారు నాలుగున్నర లక్షలమంది భారతీయులు చేరారు. 1843లో ‘కోరింగా పాకెట్’ అనే ఓడ మన తీరపు కూలీలను అక్కడకు చేర్చింది. వారి కష్టాలు రంగం కష్టాలకు తక్కువ కావు. ఎగ్రిమెంటు, తోట దాటి పోరాదనే కట్టడి, చీటీ లేకుండా దొరికితే శిక్ష, ఇవన్నీ ఉన్నవి. కాని ఆ ప్రయాణం వారాల తరబడి సాగేది. తిరిగి రావడం అందరికీ అయ్యే పని కాదు. ఓడలలో ఇంతమంది ఆడవారు ఉండవలెనని ప్రభుత్వం నిబంధన పెట్టడంచేత అక్కడ కుటుంబాలు ఏర్పడ్డాయి. 1880 తరువాత తోటల యజమానులు భూమిని చిన్న ముక్కలుగా అమ్మినప్పుడు, కూలీలు వాయిదాల మీద కొని ఇళ్ళు కట్టుకున్నారు. నేడు వారి మనుమలు ఇంటిలో ఎక్కువగా క్రియోల్ భాష మాటలాడుతారు. అయినను రామభజనము, సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ నిలిచి ఉన్నవి. ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవు దినం. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. ఇంటికి రాలేనివారు ఊరు కట్టుకున్నారు. ఇంటికి రాగలిగినవారు గదిలోనే ఉండిపోయారు.

గదిని ఇల్లుగా చేసినవారు

రంగంలో ఎవరును కాపురం పెట్టలేదనడం న్యాయం కాదు. గుమాస్తాలు, రైల్వేలో స్థిరమైన ఉద్యోగం దొరికినవారు, చిన్న వర్తకులు భార్యాబిడ్డలను తెచ్చుకున్నారు. వారి మూలంగా భజన మందిరాలు, తెలుగు బడులు, ఆరాధన స్థలాలు లేచాయి. కెనడా బాప్టిస్టు మిషనరీలుగా శ్రీకాకుళంలో పనిచేసి తెలుగు నేర్చిన ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు, తరువాత బర్మాకు పోయి మౌల్మేన్, రంగూన్ పట్టణాలలో తెలుగు తమిళ ప్రజల మధ్య పనిచేశారు. ఉత్తరం వ్రాయించుకోవడానికి ఒక మనిషి, జబ్బుపడితే చూడడానికి ఒక వీధి, చనిపోతే మోయడానికి నలుగురు దొరికిన చోట పరదేశికి నిలువ నీడ దొరికింది. ఇవేవీ మేస్త్రీ ఇచ్చినవి కావు, జీతంతో వచ్చినవి కావు. వారు కూడి కట్టుకున్నవి.

పని పోయిన దినములు

1930 మే నెల 8వ తేదీన రంగూన్ రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు వారి స్థానంలో బర్మావారిని దింపాయి. సమ్మె పరిష్కారమై తెలుగువారు తిరిగి వచ్చేసరికి బర్మా కూలీలను వెళ్ళిపొమ్మన్నారు. 26వ తేదీన అల్లర్లు రేగి కొన్ని దినాలు సాగాయి. నూరుమందికి పైగా చనిపోయారు, వారిలో అధికులు మన కూలీలు. పొట్టకూటికి వచ్చిన ఇరువురు బీదవారిని ఒకే మూట దగ్గర నిలబెట్టినవారు మాత్రం క్షేమంగానే ఉన్నారు. 1938లో మరల అల్లర్లు జరిగాయి. ఈ మధ్యలో, 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశంనుండి వేరుచేయబడింది. ఏ పత్రమూ లేకుండా వెళ్ళిన మనవాళ్ళు ఒక్క దినంలో పరదేశంవారైపోయారు.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. మొదట దెబ్బతిన్నది రేవు, అనగా కోరంగీలు పనిచేసే చోటు. తరువాత నెలలలో లక్షలమంది భారతీయులు ఓడ దొరకక నడిచి బయలుదేరారు. కొందరు తాంగప్ కనుమ దాటి అక్యాబు వైపు, కొందరు తమూ మీదుగా ఇంఫాలుకు. కలరాతోను, మలేరియాతోను, ఆకలితోను దారిలో వేలమంది రాలిపోయారు.

యుద్ధానంతరం కొందరు తిరిగి వెళ్ళారు. 1962లో అక్కడ సైనిక ప్రభుత్వం వచ్చింది. దుకాణాలు జాతీయం చేయబడ్డాయి. 1964 మే నెలలో పెద్ద నోట్లు చెల్లకుండా పోయాయి. ఆ ఏడాదినుండి భారత ప్రభుత్వం ఓడలు పంపి లక్షన్నరకు పైగా జనాన్ని వెనక్కు తెచ్చింది. విశాఖపట్టణం కంచరపాలెంలోని బర్మా క్యాంపు ఆనాటి గుర్తు. వచ్చినవారిలో రంగంలో పుట్టి పెరిగినవారు అనేకులు. వారికి విశాఖయే విదేశం. అన్నం వండే తీరునుండి పలుకుబడి వరకు అన్నిటికీ పొరుగువారు నవ్వేవారు. తాతలు అక్కడ కోరంగీలు, మనుమలు ఇక్కడ బర్మావాళ్ళు.

నేటి రంగం

1970ల నుండి మన గోదావరి జిల్లాల గ్రామాలవారు కువైట్, మస్కట్, దుబాయి వైపు పోవుచున్నారు. ఈసారి ఆడవారును ఎక్కువ. ఇంటిపనికి వెళ్ళిన తల్లికి యజమాని ఇల్లే పనిచోటు, అదే నివాసం, ఆమె వీసాయును ఆయన పేరుమీదనే. వెళ్ళడానికి చేసిన అప్పు మాత్రం ఇక్కడ వడ్డీ పెరుగుచుండును. మేస్త్రీ చేతిలోని తాళాలు వేరు రూపంలో మరల కనబడుచున్నవి గదా! ఏజెంటుకు అనుమతి ఉండవలెనని 1983లోనే చట్టం వచ్చింది. ఓంకాప్ అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ మనుషులను విదేశ ఉద్యోగాలకు పంపే బాధ్యత తీసుకున్నది. ఈ సంగతులు పాస్‌పోర్టు తీసుకొనేముందే ప్రతి ఇంట తెలియవలెను.

వెళ్ళేవారిని వెళ్ళవద్దని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. పొట్ట పిలిచిన చోటికి పోవలసిందే. కాని అప్పు ఎవరిది, గది ఎవరిది, పని ఎవరిది అని బయలుదేరకముందే విడివిడిగా అడగాలి. వెళ్ళిన చోట మనవారెవరో తెలుసుకుని, ఒక ఆదివారమైనా ఒక సాయంత్రమైనా కూడే ఏర్పాటు చేసుకోవాలి. ఆ దేశపు భాష బజారుకు మించి నేర్చుకోవాలి.

ఇక్కడ ఉన్న మనము చేయగలిగిన పని ఒకటున్నది. రంగం వెళ్ళినవారి పేర్లు ఏ శాసనంలోను లేవు. మన ఇళ్ళలో ఇంకను మిగిలిన పెద్దలను అడిగి, వారి తాతముత్తాతలలో ఎవరు వెళ్ళారు, ఎవరు తిరిగివచ్చారు, ఎవరు రాలేదు అని ఒక నోటుపుస్తకంలో వ్రాసిపెట్టుకుందము. దాని చివరి పుటలలో ఈనాడు గల్ఫులో ఉన్న మనవారి పేర్లు, చిరునామాలు, టెలిఫోను నెంబర్లు వ్రాద్దాము. మొదటి పుటలు జ్ఞాపకార్థము, చివరి పుటలు అవసరార్థము.