మధ్యలో ఆపి చూసే విద్య – బ్రేక్‌పాయింట్ చరిత్ర

పల్నాటి నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్లిన మన పిల్లల నోట "డీబగ్గింగ్" అన్న మాట మన సభ్యులు చాలామంది వినే ఉంటారు. ప్రోగ్రాములోని తప్పును వెతికి సరిచేయడమే డీబగ్గింగ్. అందుకు ముఖ్యమైన సాధనం బ్రేక్‌పాయింట్. దాని చరిత్రను క్లుప్తంగా మనవి చేస్తాను.

ఈ పద్ధతి మనకు బొత్తిగా కొత్తది కాదు. 1967 ఆగస్టు 4న శ్రీమతి ఇందిరాగాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదల చేశారు. మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతాల్లో కుడికాలువ మీద పనిచేసినవారికి ఒక సంగతి తెలుసు. చివరి భూములకు నీరు అందకపోతే చివర నిలబడి చూస్తే కారణం దొరకదు. పైనుంచి ఒక్కొక్క రెగ్యులేటరు వద్ద ఆగి గేజి చూడాలి. ఎక్కడివరకు లెక్క సరిపోయిందో, లోపం దాని దిగువన ఉన్నట్లే.

1946లో అమెరికాలో ప్రజలకు చూపిన ఎనియాక్ కంప్యూటరుకు సుమారు 18,000 వాక్యూమ్ ట్యూబులు ఉండేవి. ఒక భాగం నుంచి మరో భాగానికి తీగలు కలిపి దానిచేత లెక్కలు చేయించేవారు. ఫలితం తప్పు వస్తే ఒకచోట తీగ ఊడదీసేవారు. లెక్క అక్కడ ఆగిపోయేది. అంతవరకు వచ్చిన అంకెలను సరిచూసుకునేవారు. తీగ తెగిన ఆ చోటే బ్రేక్‌పాయింట్. ఈ ఉపాయం ఆ యంత్రంపై పనిచేసిన ఆరుగురు మహిళల్లో ఒకరైన బెట్టీ హోల్బర్టన్‌దని చెబుతారు.

తర్వాత తీగ స్థానంలో టైపు చేసే ఆజ్ఞ వచ్చింది. 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ రాసిన జి.డి.బి. అనే డీబగ్గరు నేటికీ వాడుకలో ఉంది. "బ్రేక్" అని టైపు చేసి వరుస సంఖ్య ఇస్తే ప్రోగ్రాము ఆ వరుస వద్ద ఆగుతుంది. "ప్రింట్" అంటే అడిగిన విలువ చూపుతుంది. "నెక్స్ట్" అంటే ఒక్క వరుస నడుస్తుంది. "కంటిన్యూ" అంటే ముందుకు సాగుతుంది. లోపల జరిగేది ఇంతే: ఆ చోట ఉన్న అసలు ఆదేశాన్ని భద్రపరచి, దాని స్థానంలో "ఆగు" అనే ఆదేశం పెడతారు, పని కాగానే అసలుది తిరిగి పెడతారు.

షరతు కూడా పెట్టవచ్చు. 2000 సంవత్సరపు సమస్యనే తీసుకుందాం. పాత ప్రోగ్రాములు సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకునేవి. 1935లో పుట్టినవారి వయసు 1999లో 99 లోంచి 35 తీస్తే 64 సరిగ్గానే వచ్చేది. 2000లో సున్నాలోంచి 35 తీస్తే మైనస్ 35! "వయసు సున్నాకన్న తక్కువైతేనే ఆగు" అని షరతు పెడితే వేల పేర్లలో సరిగ్గా ఆ పేరు దగ్గరే ప్రోగ్రాము ఆగుతుంది. ఇటువంటి తప్పులు సరిచేసే పనే ఆ రోజుల్లో ఎందరో తెలుగు యువకులకు విదేశీ ఉద్యోగాలకు దారి చూపింది.

మన పింఛను లెక్కలూ ఇప్పుడు కంప్యూటరులోనే తయారవుతున్నాయి. చేతికి వచ్చిన మొత్తం తేడాగా కనిపిస్తే చివరి అంకె ఒక్కటే చూసి ఊరుకోవద్దు. మూల పింఛను, కరువు భత్యం, కమ్యుటేషన్ మినహాయింపు – ఒక్కొక్కదాని వద్ద ఆగి సరిచూసుకోండి. "తేడా ఫలానా చోట ఉంది" అని రాసిచ్చిన అర్జీకి బలం ఎక్కువ.