హైదరాబాదు హాఫ్ మారథాన్

హైదరాబాదు హాఫ్ మారథాన్ తెలంగాణ రాజధాని హైదరాబాదు నగర వీధులలో జరిగే 21.0975 కిలోమీటర్ల పరుగు పందెం. ఏటా ఆగస్టు నెలాఖరులో జరిగే హైదరాబాదు మారథాన్‌లో ఇది ఒక విభాగము. అదే సందర్భంలో 42.195 కి.మీ. పూర్తి మారథాన్, 10 కి.మీ., 5 కి.మీ. పరుగులు కూడా ఉంటాయి. హైదరాబాద్ రన్నర్స్ సొసైటీ అనే సంస్థ ఈ పోటీలను నిర్వహిస్తున్నది. హుస్సేన్ సాగర్ ఒడ్డున మొదలై గచ్చిబౌలి వైపు సాగే ఈ మార్గం అందానికీ, ఎత్తుపల్లాలకూ సమానంగా పేరు పొందినది.

దూరము

1908 లండన్ ఒలింపిక్స్‌లో మారథాన్ పరుగును 26 మైళ్ళ 385 గజాలుగా నిర్ణయించారు. 1921లో అంతర్జాతీయ అథ్లెటిక్ సమాఖ్య ఆ దూరాన్నే ప్రామాణికంగా స్వీకరించినది. అందులో సరిగా సగమే హాఫ్ మారథాన్. దీనిని రెండు గంటలలో ముగించాలంటే కిలోమీటరుకు సుమారు 5 నిమిషాల 41 సెకన్లు, మూడు గంటలలోనైతే సుమారు 8 నిమిషాల 32 సెకన్లు పడుతుంది. 2021లో వాలెన్సియా నగరంలో ఇథియోపియాకు చెందిన లెటెసెన్‌బెట్ గిడే ఈ దూరాన్ని 1 గంట 2 నిమిషాల 52 సెకన్లలో పరుగెత్తి మహిళల ప్రపంచ రికార్డు నెలకొల్పినది.

చరిత్ర

హైదరాబాదులో సామాన్య ప్రజలు పెద్ద సంఖ్యలో రోడ్డు పరుగులలో పాల్గొనడం 2003లో మొదలైన హైదరాబాద్ 10కె రన్‌తో ఊపందుకున్నది. 2007లో హైదరాబాద్ రన్నర్స్ బృందం ఏర్పడినది. మారథాన్ 2011లో ప్రారంభమైనది. మొదట్లో దీనిని హెరిటేజ్ మారథాన్ అనేవారు. తరువాత ప్రాయోజక సంస్థలను బట్టి ఎయిర్‌టెల్ హైదరాబాద్ మారథాన్ అని, ఆ పిమ్మట ఎన్‌ఎండీసీ హైదరాబాద్ మారథాన్ అని పేర్లు మారినవి.

వసంతంలో ఎందుకు జరగదు?

ఐరోపాలో పేరున్న హాఫ్ మారథాన్‌లు చాలావరకు వసంత ఋతువులోనే జరుగుతాయి. లిస్బన్‌లో మార్చిలో, స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో మే నెలలో పరుగెత్తుతారు. మంచు కరిగి, చెట్లు చిగురించి, ఎండ ఇంకా ముదరని రోజులవి. దక్కను పీఠభూమిలో వసంతమంటే ఉగాది, మామిడి పూత, వేపపూత నిజమే గాని, చైత్రం నాటికే పగటి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు దాటుతుంది. మే నెలలో సగటు గరిష్ఠం 39 డిగ్రీల దరిదాపులకు చేరుతుంది. ఆ ఎండలో రెండు మూడు గంటలు పరుగెత్తడం ప్రాణాపాయము. కనుక ఇక్కడి పరుగుకు వానాకాలం ఎంచుకున్నారు. ఆగస్టులో పగటి గరిష్ఠం 30 డిగ్రీల ప్రాంతంలోనూ, తెల్లవారుజామున 22 డిగ్రీల ప్రాంతంలోనూ ఉంటుంది. విశాఖపట్నంలో నౌకాదళం ఆర్.కె. బీచ్ రోడ్డులో నిర్వహించే మారథాన్ చలికాలపు తొలి రోజులలో జరగడానికి కూడా ఇటువంటి కారణమే చెప్పవచ్చు.

అయితే వానాకాలానికి దాని ఇబ్బంది దానికున్నది. చెమట ఆరినప్పుడే శరీరం చల్లబడుతుంది. గాలిలో తేమ అధికంగా ఉన్న ఉదయాలలో చెమట కారుతుందే గాని ఆరదు. వాతావరణం చల్లగా ఉన్నట్టే తోస్తున్నా శరీరంలోపలి వేడి పెరుగుతూ పోతుంది. తల తిరగడం, వణుకు, మాట తడబడడం, చెమట పట్టినా చర్మం చల్లగా ఉండడం వంటి లక్షణాలు కనబడితే పరుగు ఆపివేయవలసినదే. తడబాటు గాని స్పృహ తప్పడం గాని జరిగితే అది వడదెబ్బ కావచ్చును. అటువంటి వారిని నీటితో, మంచుతో వెంటనే చల్లబరచి వైద్య సహాయం అందించాలి. ఇందుకు విరుద్ధంగా, దాహం లేకున్నా ప్రతి నీటి కేంద్రం వద్దా నీరు తాగుతూ పోవడం కూడా ప్రమాదమే. రక్తంలో సోడియం పలచబడి వాంతులు, తలనొప్పి, తీవ్రమైన సందర్భాలలో మూర్ఛ కలుగుతాయి. నెమ్మదిగా పరుగెత్తేవారు దారిలో ఎక్కువసేపు ఉంటారు కనుక ఈ ముప్పు వారికే ఎక్కువ.

మార్గము

పరుగు నెక్లెస్ రోడ్డులోని పీపుల్స్ ప్లాజా వద్ద తెల్లవారుజామునే మొదలవుతుంది. (ఈ రోడ్డుకు 2021లో పి.వి. నరసింహారావు మార్గ్ అని పేరు పెట్టారు.) సాగరం మధ్యలో 1992లో ప్రతిష్ఠించిన ఏకశిలా బుద్ధ విగ్రహం దూరాన కనబడుతుంది. 2020ల నాటి మార్గం ఖైరతాబాద్ ఫ్లైఓవర్, రాజ్‌భవన్ రోడ్డు, సోమాజిగూడ, పంజాగుట్ట ఫ్లైఓవర్ మీదుగా జూబ్లీహిల్స్ చెక్‌పోస్టుకు చేరి, అక్కడినుండి రోడ్డు నంబరు 45 మీదుగా దుర్గం చెరువు తీగల వంతెన వైపు సాగుతుంది. 2020 సెప్టెంబరులో ప్రారంభించిన ఈ వంతెన మీద, రెండు వైపులా గ్రానైటు గుట్టలు, కింద చెరువు కనిపించే చోటు పరుగు మొత్తంలోకీ రమ్యమైనది. వంతెన దాటగానే మళ్ళీ ఎక్కుడు మొదలవుతుంది. ఐటీ కార్యాలయాల నడుమనుండి మైండ్‌స్పేస్, బయోడైవర్సిటీ కూడళ్ళు దాటి గచ్చిబౌలి స్టేడియానికి చేరుకుంటారు.

నగరం రాతిగుట్టల మీద పెరిగినది కనుక చదునైన దారి తక్కువ. ఫ్లైఓవర్లు దీనికి తోడైనవి. పంజాగుట్ట నుండి జూబ్లీహిల్స్ వరకు ఎక్కుడు పరుగులో అసలు పరీక్ష. మొదటి కిలోమీటర్లలో సాగరపు చల్లగాలికి హుషారుగా వేగం పెంచినవారు ఇక్కడ ఆయాసపడతారు. ఎత్తు ఎక్కేటప్పుడు గడియారం చూడక, శ్వాసను బట్టి వేగం తగ్గించుకొనడమే మేలు. దిగేటప్పుడు పెద్ద అంగలు వేస్తే మోకాళ్ళ మీద, తొడ కండరాల మీద భారం పడుతుంది.

సాధన

కొంత పరుగు అలవాటున్నవారికి పది పన్నెండు వారాల సాధన సరిపోతుంది. వారానికొక దీర్ఘ పరుగును క్రమంగా పెంచుతూ 16–18 కి.మీ. వరకు తీసుకువెళ్ళి, చివరి రెండు వారాలు తగ్గించుకుంటారు. ఆగస్టు పోటీకి సాధన మే, జూన్ నెలలలోనే మొదలుపెట్టవలసి రావడం ఇక్కడివారికి చిక్కు. అందుకే సాధన అంతా సూర్యోదయానికి ముందే సాగుతుంది. నగరంలో నెక్లెస్ రోడ్డు, కె.బి.ఆర్. పార్కు వెలుపలి కాలిబాట ఇందుకు ప్రసిద్ధి.

కామారెడ్డి జిల్లాలోని ఎల్లారెడ్డి, మహమ్మద్‌నగర్ వంటి చోట్ల యువత పరుగు సాధనకు లక్ష్యం సాధారణంగా వేరు. 2022 పోలీసు నియామకాలలో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలోను, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలోను పరుగెత్తవలసి ఉండెను. హాఫ్ మారథాన్ దూరం ఆ 1600 మీటర్లకు పదమూడు రెట్లు. వేగపు సాధన ఉన్నవారికి ఆయాసం ఓర్చుకొనే శక్తి ముందే ఉంటుంది. వారు కొత్తగా నేర్చుకోవలసినది నెమ్మదిగా మొదలుపెట్టడము.