జనాభా ఆరోగ్యం: దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీనగర్ ప్రాంతం

ఒక ప్రాంతంలో జనమంతా కలిసి ఎంత ఆరోగ్యంగా ఉన్నారు, అది ఎవరికి ఎంత దక్కింది, ఆ తేడాలు ఎందుకొచ్చాయి అని చూసే లెక్క జనాభా ఆరోగ్యం. టీకాలు, క్లోరిన్ నీళ్లు, దోమల మందు వంటివాటితో ఆ లెక్కను మార్చేందుకు సర్కారు చేసే పని ప్రజారోగ్యం. డేవిడ్ కిండిగ్, గ్రెగ్ స్టొడార్ట్ 2003లో మొదటిదానికి నిర్వచనం ఇచ్చారు గాని, దాని అవసరం హైదరాబాద్‌కు 1908 మూసీ వరదతోనే తెలిసొచ్చింది. ఆ వరద తర్వాత ప్లేగు కూడా వచ్చింది. రోగులను వేరుగా ఉంచడానికి కట్టిన కోరంటి దవాఖాన ప్రజారోగ్యపు పనే. ఇరుకు బస్తీలను మార్చడానికి 1912లో ఏర్పడ్డ నగరాభివృద్ధి మండలి, వరదను ఆపి తాగునీరిచ్చేందుకు 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్ మాత్రం వైద్యుల చేతిలోనివి కావు. ఆరోగ్యాన్ని నిర్ణయించేవి చాలావరకు దవాఖాన గోడల అవతలే ఉంటాయని ఈ నగర చరిత్ర చెబుతోంది.

దీనికి గట్టి సాక్ష్యం రంగారెడ్డి జిల్లా పల్లెల్లో దొరికింది. జాతీయ పోషకాహార సంస్థ 1987–90లో హైదరాబాద్ దగ్గరి 29 ఊళ్లలో ఒక పరిశీలన చేసింది. 15 ఊళ్లలో సర్కారు పథకం కింద గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో వండిన ఉప్మా పెట్టారు. మిగతా 14 ఊళ్లకు ఆ పథకం అప్పటికింకా రాలేదు. ఆ పిల్లలు టీనేజీకొచ్చాక చూస్తే, ఉప్మా అందిన ఊళ్లవారు మిగతా ఊళ్లవారికంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. వాళ్ల రక్తనాళాలూ తక్కువ బిరుసుగా ఉన్నాయి. ఇద్దరు పిల్లల్ని పక్కపక్కన నిలబెడితే ఈ తేడా కంటికి ఆనదు. ఊళ్లకు ఊళ్ల సగటే ఆ మేరకు పెరిగితేనే దాని విలువ తెలుస్తుంది. ఊళ్లను చీటీలు వేసి విడదీయలేదు కాబట్టి ఈ ఫలితాన్ని పూర్తిగా నమ్మలేమనేవాళ్లున్నారు. అది న్యాయమైన అభ్యంతరమే. అయితే అది ఆ తేడా ఎంతన్నదాన్ని అనుమానించమంటుంది గాని, తిండిని ఆరోగ్యపు లెక్కలోంచి తీసేయమనదు.

ఇళ్లు, నాలాలు, తిండి అన్నీ ఆరోగ్యం కిందికే తెస్తే వైద్యశాఖ చేతులు దులుపుకోదా అనేది ఇంకా పదునైన ప్రశ్న. జవాబు ఈ ప్రాంతంలోనే ఉంది. 2020 అక్టోబరులో సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరాంనగర్, సీసల బస్తీ మునిగాయి. ఇలాంటి చోట వరద సంపులోకి దిగితే మురుగూ తాగునీరూ ఒకటే. నిలిచిన నీటిలో ఆయిల్ బాల్స్ వేయడం కార్పొరేషన్ దోమల విభాగం వంతు, నల్లా నీటి శుద్ధి జలమండలి వంతు, చెరువు పల్లంలో ఇళ్లు లేవకుండా చూడాల్సిన పని ఇంకొకరిది. కాలనీవారీగా జబ్బులు లెక్కగడితే బాధ్యత కరిగిపోదు, ఏ గడప దగ్గర నిలదీయాలో తేలుతుంది.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ స్థలంలో 1,000 పడకల టిమ్స్ సర్కారు దవాఖానకు 2022లో శంకుస్థాపన చేశారు. పక్షవాతం వచ్చినవాడికి పడక దగ్గర్లో ఉండాల్సిందే, అందులో వాదన లేదు. కానీ ఆ పక్షవాతం ఏ బస్తీ నుంచి ఎక్కువగా వస్తోందో పడకల సంఖ్య చెప్పదు. 2018లో మొదలైన బస్తీ దవాఖానల బీపీ, షుగర్ రిజిస్టర్లు కొంత చెప్పగలవు, అదీ గడప తొక్కినవాళ్ల గురించే. పగలంతా ఫుట్‌పాత్ మీద బట్టలమ్మేవాడు, జిల్లాల నుంచి కోచింగ్‌కొచ్చి దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో సర్దుకునే పిల్లలు ఆ రిజిస్టర్లకెక్కడం అరుదు. వాళ్ల కోసం ఇల్లిల్లూ తిరిగే సర్వే చాలదు. హాస్టల్ గదులకూ, రాత్రి మార్కెట్ కట్టేసే వేళకూ వెళ్లాలి.